వెదురు తెర పారేయకండి

మా రాచర్లలో మే నెల ఎండ సంగతి చెప్పాలా! పడమటి కిటికీ పక్కనే మంచాన ఉన్న మా అత్తయ్యకు బయట వేలాడే వెదురు తెరే ఆధారం. లోపలి కర్టెన్ వెలుతురు ఆపుతుందేగానీ వేడి ఆపదు. మొన్న తెర తాడు తెగింది, నడుమ నాలుగు పుల్లలు విరిగాయి. కొత్తది కొందామన్నారు మావారు. నేనొప్పుకోలేదు.

అడుగు బద్ద విప్పి, కింది పుల్లలు నాలుగు తీసి విరిగినచోట దూర్చాను. తెర కాస్త పొట్టిదైంది, అంతే! నిరుడు నూలుదారంతో కడితే వానకు చివికింది, ఈసారి నైలాన్ దారం వాడాను.

తాడు వెనకనుంచి దిగి, అడుగు చుట్టి, ముందునుంచి గిలకలోకెక్కి మళ్లీ చేతికి దిగాలి. ఎత్తుకు 3 రెట్లు, పైన అడ్డంగా పోయే కొలత కలిపి కొనండి. తుప్పుపట్టిన గిలకే తాడు కోసేది. కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేయండి.

సాయంత్రం అత్తయ్య గోడవైపు తిరక్కుండానే పడుకుంది.