స్వయంచాలక గేర్‌బాక్సులో ద్రవం, ప్యాన్ ప్యాకింగ్ మార్పిడి: పాత పికప్ ట్రక్కు ఆధారంగా పరిశీలన

ప్రస్తావన

అమెరికాలో ‘ట్రక్కు’ అంటే మన లారీ కాదు. వెనుక తెరిచిన తొట్టి ఉండే పికప్ బండిని అక్కడ సాధారణంగా ఆ పేరుతో పిలుస్తారు. 1970ల నాటి షెవర్లే సి-10 వంటి పికప్‌లు నేటికీ అక్కడ వాడుకలో ఉన్నాయి. వాటిలో అనేకం జనరల్ మోటార్స్ 1969 మోడల్‌తో ప్రవేశపెట్టిన టర్బో హైడ్రామాటిక్ 350 అనే మూడు గేర్ల స్వయంచాలక గేర్‌బాక్సుతో నడుస్తాయి. ఇంత వయసు మళ్లిన బండి కింద ఎర్రటి మరక కనిపించగానే యజమానికి తోచే చికిత్స ఒకటే: గేర్‌బాక్సు అడుగునున్న ప్యాన్ విప్పి, ద్రవాన్నీ ఫిల్టరునూ గ్యాస్కెట్‌నూ మార్చడం. ఈ గ్యాస్కెట్‌నే మన మెకానిక్ షెడ్లలో ప్యాకింగ్ అంటారు. కొత్త ప్యాకింగ్ వేసిన కొద్ది వారాలకే లీకు మళ్లీ కనిపించిందనే ఫిర్యాదు సర్వసాధారణం. అందుకు కారణం చాలాసార్లు ప్యాకింగ్ నాణ్యతలో కాక, అంతకుముందు జరిగిన మరమ్మతులలో ఉంటుంది.

ద్రవం నిర్వహించే పాత్ర

చేత్తో గేర్లు మార్చే బండిలో గేర్‌బాక్సు నూనె ప్రధానంగా పళ్లచక్రాల అరుగుదలను నివారిస్తుంది. స్వయంచాలక వ్యవస్థలో ద్రవం బాధ్యత అంతటితో ఆగదు. టార్క్ కన్వర్టర్‌లో ఇంజిన్ శక్తిని గేర్‌బాక్సుకు అందించేది, కవాటాల గుండా పీడనంగా మారి గేర్లను మార్చేది, క్లచ్ పలకలను బిగించి పట్టేది, పుట్టిన వేడిని రేడియేటర్‌కు మోసుకుపోయేది కూడా ద్రవమే. కనుక మట్టం బాగా తగ్గితే పంపు గాలిని పీల్చుకుంటుంది. ద్రవం నురగెత్తి పీడనం పడిపోతుంది. పట్టు సడలిన క్లచ్ పలకలు జారి మాడిపోతాయి. చుక్కచుక్కగా కారే లీకును ఉపేక్షిస్తే చివరికి పోయేది గేర్‌బాక్సే.

క్లచ్ పలకలు కలిసేటప్పుడు జారుడూ పట్టూ రెండూ తగుపాళ్లలో ఉండాలి. ఈ సమతూకం కోసం ఒకప్పుడు స్పెర్మ్ తిమింగలం నూనెను కలిపేవారు. అంతరించే ప్రమాదమున్న ఆ జాతి రక్షణకై 1970ల ఆరంభంలో అమెరికా ఆ నూనె వాడకాన్ని అడ్డుకోగా, జనరల్ మోటార్స్ ప్రత్యామ్నాయ రసాయనాలతో డెక్స్‌రాన్-2ను తెచ్చింది. సముద్రజీవి సంరక్షణకూ గేర్‌బాక్సుకూ ఇలాంటి సంబంధం ఉండడం విచిత్రమే. నేడు అదే సంస్థ డెక్స్‌రాన్-6ను పాత డెక్స్‌రాన్ ద్రవాలకు బదులుగా నిర్దేశిస్తున్నది. ఫోర్డ్ పాత గేర్‌బాక్సులకు ఉద్దేశించిన టైప్-ఎఫ్ ద్రవం ఘర్షణ స్వభావం వేరు. రంగు ఎరుపే కదా అని ఒకదాని బదులు మరొకటి పోయరాదు.

లీకు ఎక్కడిది?

ప్యాన్ అంచున వేలాడే చుక్క ప్యాన్ దగ్గరే పుట్టిందని చెప్పలేము. గేరు లివరు షాఫ్టు సీలు, డిప్‌స్టిక్ గొట్టం మొదట్లోని సీలు, ముందుభాగాన కన్వర్టర్ సీలు, వీటిలో ఏది కారినా ద్రవం దిగువకు జారి ప్యాన్ అంచునే చేరుతుంది. గేర్‌బాక్సు వెలుపలి భాగాన్ని శుభ్రంగా కడిగి, కొంతదూరం నడిపి, తడి ఎక్కడ మొదలైందో పైనుంచి చూడడమే సరైన పద్ధతి. నేలపై చుక్క లేకుండానే ద్రవం తగ్గిపోతూ, పొగగొట్టం నుంచి తెల్లని పొగ వస్తుంటే వ్యాక్యూమ్ మాడ్యులేటర్‌ను అనుమానించాలి. దానిలోని పలుచని పొర చిరిగితే ఇంజిన్ ద్రవాన్ని పీల్చి కాల్చేస్తుంది. అప్పుడు ఎన్ని ప్యాకింగ్‌లు మార్చినా ప్రయోజనం శూన్యం.

ప్యాన్ అంచు

ఈ ప్యాన్‌ను 13 బోల్టులు పట్టి ఉంచుతాయి. అది పలుచని ఇనుప రేకు. గేర్‌బాక్సు పెట్టె అల్యూమినియం. కారుతున్నదని ఒకరు బోల్టును ఇంకొంచెం బిగిస్తారు. బోల్టు చుట్టూ రేకు పైకి వంగి, రెండు బోల్టుల మధ్యభాగం ప్యాకింగ్‌ను నొక్కలేని స్థితి వస్తుంది. కార్క్ ప్యాకింగ్ అయితే నలిగి బయటికి పొడుచుకువస్తుంది. లీకు పెరుగుతుంది, బిగింపూ పెరుగుతుంది. చివరకు అల్యూమినియంలో థ్రెడ్డు పోతుంది. నిర్దేశించిన బిగింపు సుమారు 12 అడుగు-పౌండ్లు, అంటే దాదాపు 16 న్యూటన్-మీటర్లు మాత్రమే. చేతి బలానికి ఇది అందని లెక్క, టార్క్ రెంచి తప్పనిసరి.

అందువల్ల కొత్త ప్యాకింగ్ వేయకముందే ప్యాన్ అంచుపై తిన్నని బద్దను ఆనించి చూడాలి. ఉబ్బిన చోట్లను చెక్కదిమ్మపై బోర్లించి సుత్తితో సున్నితంగా చదును చేయాలి. రెండు ముఖాలపై పాత ప్యాకింగ్ అవశేషాలు మిగలరాదు. అల్యూమినియం వైపు ఇనుప గీకుడుబద్ద గీతలు పెడుతుంది కనుక ప్లాస్టిక్‌ది మేలు. సిలికోన్ లేపనం పూయడం చాలామంది అలవాటు. లోపలికి పిండబడిన దాని పోగులు తెగి ఫిల్టరునూ సన్నని మార్గాలనూ మూసే ప్రమాదముంది. ప్యాకింగ్ పొడిగా ఉండటమే ఉత్తమం.

విప్పడం, నింపడం

చాలా ప్యాన్‌లకు ద్రవం వదిలే బోల్టు ఉండదు. బండిని దృఢమైన స్టాండ్లపై నిలిపాక, ముందువైపు బోల్టులను వదులు చేసి ఉంచి, మిగిలినవి తీసి, ప్యాన్‌ను వెనుకవైపు వంచి ద్రవాన్ని తొట్టిలోకి దింపుతారు. గేర్‌బాక్సులో మొత్తం సుమారు 10 క్వార్టులు ఉంటే, ఇలా బయటపడేది దాదాపు మూడోవంతే. తక్కినదంతా ప్రధానంగా కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. తీసిన ద్రవాన్ని కొలిచి అంతే పోయడం మొదటి అంచనాకు సరిపోతుంది. అసలు కొలత డిప్‌స్టిక్‌దే: సమతల నేలపై, ద్రవం వేడెక్కాక, లివరును అన్ని స్థానాలకూ జరిపి పార్క్‌లో నిలిపి, ఇంజిన్ నడుస్తుండగా చూడాలి. క్రైస్లర్ పాత టార్క్‌ఫ్లైట్‌లో మాత్రం న్యూట్రల్‌లో చూస్తారు. మట్టం ఎక్కువైనా తిరిగే భాగాలు చిలికి నురగ పుట్టిస్తాయి.

ప్యాన్ అడుగు చెప్పేది

మెత్తని బూడిదరంగు మడ్డి పలుచగా ఉంటే అది సహజమైన అరుగుదల. నల్లని పలుకులు క్లచ్ పూతవి. పసుపు లోహపు రజను బుష్‌లదీ వాషర్లదీ. ఏళ్ల తరబడి మార్చని ద్రవాన్ని మారిస్తే గేర్‌బాక్సు చెడిపోతుందనే నమ్మకం పరిశీలించవలసింది ఇక్కడే. గేర్లు జారడం మొదలయ్యాక, ఆఖరి ఆశగా ద్రవం మార్పించేవారు ఎక్కువ; అప్పటికే మాడిన పలకలను కొత్త ద్రవం బాగుచేయలేదు, కొద్దిరోజులకు బండి ఆగితే నింద మార్పిడిపై పడుతుంది. ద్రవం ముదురు రంగులో ఉన్నా మాడువాసన లేక, మడ్డి పలుచగా ఉండి, గేర్లు సక్రమంగా పడుతుంటే మార్చడానికి వెనుకాడనక్కరలేదు. మాడువాసనతో పాటు నల్లని పలుకులు కుప్పగా కనిపిస్తే ఖర్చు చేయవలసింది ప్యాకింగ్ మీద కాదు, గేర్‌బాక్సును పూర్తిగా విప్పించడం మీద.