పులికి చీకటి ఉంది, మనకే లేదు

శ్రీశైలం పోయేవాళ్లకు మన్ననూర్ అంటే చెక్‌పోస్టే. రాత్రి తొమ్మిదయిందంటే గేటు పడుతుంది, మళ్లీ లేచేది పొద్దున ఆరింటికి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో జంతువులు హెడ్‌లైట్లకు బెదరకుండా, బండ్ల కింద పడకుండా చేసిన ఏర్పాటిది. పులికి చీకటి కావాలంటే ఒప్పుకున్నాం. ఇంటికొచ్చి మాత్రం అర్ధరాత్రి దాటినా ఫోను వెలుగు ముఖం మీద నుంచి తియ్యం.

కన్ను ఉన్నది చూడటానికే అనుకుంటాం. 2002లో డేవిడ్ బెర్సన్ వంటి శాస్త్రవేత్తలు రెటీనాలో ఇంకో రకం కణాలకూ వెలుగు తెలుస్తుందని తేల్చారు. వీటి ముఖ్యమైన పని బొమ్మ చూపించడం కాదు. బయట వెలుగెంత ఉందో మెదడులోని గడియారానికి కబురు పంపడం. నీలి వెలుగు పడితే ఇవి మరీ చురుకు. రాత్రిపూట కూడా ‘ఇంకా పగలే’ అని కబురు పోతుంటే మెలటోనిన్ అనే హార్మోను ఊరడం ఆలస్యమవుతుంది, నిద్ర వెనక్కి జరుగుతుంది. నిద్ర చెడితే మనసు చెడుతుంది, మనసు చెడితే ఉన్న నిద్రా పోతుంది.

పగటి లెక్క వేరు. వెలుగును లక్స్‌లలో కొలుస్తారు. మిట్టమధ్యాహ్నం ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. ట్యూబులైటు గదిలో మహా అయితే కొన్ని వందలు. పున్నమి వెన్నెల ఒక్క లక్స్ కూడా ఉండదు. చలి దేశాల్లో శీతకాలపు దిగులును 1984లో నార్మన్ రోసెంతాల్ బృందం వివరించింది. 10 వేల లక్స్ దీపం ముందు పొద్దున్నే అరగంట కూర్చోబెట్టడం దానికొక చికిత్స. ఆ జబ్బు మన దగ్గర అంతగా లేదు. నల్లమలలో ఏడాది మొత్తంలో పెద్ద పగటికీ చిన్న పగటికీ తేడా రెండు గంటలే. మన తంటా వేరే: పగలంతా గదిలో, రాత్రంతా స్క్రీన్ ముందు.

ఇప్పుడు బతుకమ్మను ఈ కంటితో చూడండి. మహాలయ అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలై అష్టమి నాడు సద్దులతో ముగుస్తుంది. అంటే చంద్రుడే లేని రాత్రి నుంచి సగం చంద్రుడి దాకా. తంగేడు, గునుగు వరసలు పేర్చి, పైన పసుపు గౌరమ్మను నిలిపి, దీపం పెట్టి నడుమ దించుతారు. చుట్టూ తిరుగుతూ వంగి చప్పట్లు కొట్టినప్పుడు ముఖం వెలుగులోకి వస్తుంది, లేవగానే చీకట్లోకి పోతుంది. ఒకామె పాట ఎత్తుతుంది, మిగతావాళ్లు ‘ఉయ్యాలో’ అని అందుకుంటారు. గొంతు బాగుందా అని అడిగేవాళ్లుండరు. అత్తింటి కష్టం, పుట్టింటి మీది బెంగ, గడప లోపల నోరు తెరిచి చెప్పలేనివెన్నో ఆ పాటల్లో దొర్లిపోతాయి. ఎవరి కన్ను తడిసిందో పక్కామెకు సరిగా కనపడని వెలుగది. అదే దాని సుగుణం.

తోలుబొమ్మలాటా ఇంతే. మేకతోలును వెలుగు దూరేంత పలచగా గీకి, రంగులద్ది, తెర వెనక ఆముదపు దీపం పెట్టేవారు. ఊరంతా చీకట్లో కూర్చుంటేనే ఆ రంగులు పలుకుతాయి. ఇంట్లో అనలేని మాటలు ఆటలోని హాస్య బొమ్మలు కేతిగాడు, బంగారక్క అనేవారు. అనంతపురం వైపు నిమ్మలకుంటలో ఈ పని ఇప్పటికీ సాగుతోంది. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆటలు తగ్గాక అక్కడి చేతులు అదే తోలుతో లాంతరు షేడ్లు చేస్తున్నాయి.

కాబట్టి బతుకమ్మ నడుమ ఫోకస్ లైట్లు, డీజే పెట్టడం నాకు నచ్చదు. వెలుగు పెరిగింది, పాడే గొంతు తగ్గింది. పాడాల్సినామె సెల్ఫీ తీసుకుంటోంది.

కళకూ ఆరోగ్యానికీ ఉన్న సంబంధంపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో 3 వేలకు పైగా అధ్యయనాలను పరిశీలించింది. కలిసి పాడటం, ఆడటం మనసుకు మేలేనని అందులో ఉంది. అలాగని బతుకమ్మ మందు కాదు. బైపోలార్ జబ్బున్నవాళ్లకు రాత్రంతా జాగారం, డాక్టరుకు చెప్పకుండా వాడే చికిత్స దీపాలు రెండూ ప్రమాదమే, ఉద్రేకం ఎగదన్నవచ్చు.

పండుగ వెళ్లిపోయినా దిగులు పోకుండా రెండు వారాలు దాటితే ఆగకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. పగలైనా రాత్రైనా తెలుగులోనే మాట్లాడతారు.