తొంభై డిగ్రీల దాకా చలే

సంక్రాంతికి మా మేనల్లుడు మినియాపొలిస్ నుంచి వచ్చాడు. భోగి నాడు తెల్లవారకముందే వీధిలో మంట వేసి అందరం చుట్టూ చేరాం. నెల్లూరులో జనవరి వేకువ అంటే 20 డిగ్రీల దరిదాపు. మేం మఫ్లర్లు చుట్టుకుని ముడుచుకున్నాం, వాడు బనీను మీద నిలబడ్డాడు. మాటల్లో వాడి కారు సంగతి వచ్చింది. ఎండాకాలంలో లీటరుకు 12 కిలోమీటర్లు ఇచ్చే బండి జనవరిలో 9కి పడిపోతుందట.

ఒకప్పుడు అంబాసిడర్ నడిపిన మా పక్కింటి పెద్దాయన ఒప్పుకోలేదు. "ఏంది అబ్బాయ్, చల్లగా ఉంటే ఇంజను హాయిగా ఉండాల గదా? ఎండల్లో గదా దానికి ఆయాసం!"

తీసిపారేసే ప్రశ్న కాదది. సగం భౌతికశాస్త్రం ఆయన పక్షానే ఉంది. వేడితో నడిచే ఏ యంత్రానికైనా లోపలి వేడికీ బయటి చల్లదనానికీ ఎంత తేడా ఉంటే అంత లాభం. పైగా చల్లగాలి చిక్కగా ఉంటుంది. 25 డిగ్రీల గాలితో పోలిస్తే మైనస్ 7 డిగ్రీల గాలి 12 శాతం బరువు. అంటే ఇంజను ఒక్కో గుక్కలో పీల్చే ప్రాణవాయువు ఎక్కువ. పెడల్ అడుగంటా తొక్కితే చలిలో బండి నిజంగానే జోరుగా దూకుతుంది.

కానీ జోరు వేరు, మైలేజీ వేరు. రోజూ మనం నడిపేటప్పుడు ఇంజను బలంలో పిసరంతే వాడతాం. పెట్రోలు కారులో ఆ పిసరు కొలిచి ఇచ్చేది గాలి దారికి అడ్డంగా ఉండే చిన్న తలుపు. గాలి చిక్కగా ఉన్నప్పుడు అదే వేగానికి ఆ తలుపు ఇంకాస్త మూసుకోవాలి. సన్నటి స్ట్రాతో బోండం నీళ్లు లాగినట్టు, ఇంజను ఆ సందులోంచి గాలి లాక్కోవడానికే కొంత శక్తి ఖర్చు పెడుతుంది. పెద్దాయన చెప్పిన లాభం కొంత అక్కడే కరిగిపోతుంది. మిగతాది మింగేసేవి వేరే ఉన్నాయి.

నష్టం ఎంతో అమెరికా ప్రభుత్వం లెక్కగట్టింది. మామూలు పెట్రోలు కారు ఊళ్లో తిరిగేటప్పుడు, 25 డిగ్రీల్లో ఇచ్చే మైలేజీ కంటే మైనస్ 7లో సుమారు 15 శాతం తక్కువ ఇస్తుంది. ఐదారు కిలోమీటర్ల చిన్న ప్రయాణాలైతే 24 శాతం దాకా పోవచ్చు. ఈ రెండో అంకె దగ్గర కాసేపు ఆగాలి. చలి అదే, బండి అదే. దూరం తగ్గినంత మాత్రాన నష్టం ఎందుకు పెరగాలి?

ఎందుకంటే ఇంజనుకు చలి అంటే మనకు తెలిసిన చలి కాదు. అది ఒదిగి పనిచేసేది, చుట్టూ తిరిగే నీళ్లు 90 డిగ్రీల దగ్గరికి వచ్చాకే. అంతకు తక్కువైతే దానికి అంతా చలే. మైనస్ 20లో రాత్రంతా నిలిచిన బండి 110 డిగ్రీలు ఎక్కాలి. నెల్లూరులో భోగి నాటి బండి 70 ఎక్కాలి. కత్తిరి ఎండల్లో నీడన పెట్టిన బండి కూడా 50 డిగ్రీలు ఎక్కాల్సిందే. చలికాలం లేని ఊరు మనుషులకు ఉండవచ్చు, ఇంజన్లకు లేదు.

ఆ ఎక్కుడులో జరిగే నష్టం చూడాలంటే బాత్రూములో కొబ్బరినూనె సీసా చాలు. 24 డిగ్రీల లోపు అది గడ్డకడుతుంది కాబట్టి, మన దగ్గర ధనుర్మాసంలో సీసాను ఎండలో పెట్టి కరిగించుకుంటాం. ఇంజనాయిలు అలా గడ్డకట్టదు గానీ చల్లబడేకొద్దీ చిక్కబడుతుంది. పిస్టన్లు, బేరింగులు, గేర్లు ఆ చిక్కదనాన్ని తోసుకుంటూ తిరగాలి. డబ్బా మీద 20డబ్ల్యూ-40 అని రాసి ఉంటుందే, ఆ డబ్ల్యూ వింటర్‌కు గుర్తు. 20డబ్ల్యూ ఆయిలును మైనస్ 15 దగ్గర పరీక్షిస్తారు, 0డబ్ల్యూ ఆయిలును మైనస్ 35 దగ్గర. మన మోటారుసైకిలుకు పోసే ఆయిలు మా వాడి కారులో పోస్తే జనవరిలో సెల్ఫు మోటారు మూలుగుతుందే తప్ప ఇంజను తిరగదు. డీజిలుదైతే అచ్చంగా కొబ్బరినూనె కథే. అందులోని మైనం చలికి పేరుకుని ఫిల్టరుకు అడ్డం పడుతుంది. లడఖ్ కోసం ఇండియన్ ఆయిల్ 2019లో ప్రత్యేకంగా చలికాలపు డీజిలు తెచ్చింది ఇందుకే. అది మైనస్ 33 దాకా పారుతుంది.

రెండో నష్టం పెట్రోలు సరిగా ఆవిరి కాకపోవడం. మండేది పెట్రోలు ద్రవం కాదు, దాని ఆవిరి. ముసురు పట్టిన రోజు దండెం మీద బట్టలు ఆరనట్టు, చల్లటి సిలిండరులో పెట్రోలు పూర్తిగా ఆవిరి కాదు. కొంత గోడలకు అంటుకుని ఉండిపోతుంది. మండడానికి సరిపడా ఆవిరి కావాలంటే అవసరానికి మించి పెట్రోలు పొయ్యాలి. పాత చేతక్ నడిపినవాళ్లకు ఇది చేతికి తెలిసిన విద్య. చోక్ లాగడం, స్కూటరును ఓ పక్కకు వంచడం, కిక్ కొట్టడం. చోక్ చేసేది గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచడమే. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక మోటారుసైకిళ్లలో కూడా ఎక్కువభాగం చోక్ పోయింది గానీ ఆ పని పోలేదు. ఇంజను వేడి చూసే సెన్సరు చెబితే కంప్యూటరు గుట్టుగా ఎక్కువ పోస్తుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాలు పెట్రోలుకు ఈ బద్ధకం ఇంకొంచెం ఎక్కువ, ఎందుకంటే ఇథనాలు ఆవిరి కావడానికి ఎక్కువ వేడి కావాలి. బ్రెజిల్‌లో ఇథనాలు కార్లకు, చలిలో స్టార్టు కావడానికని, బానెట్ కింద చిన్న పెట్రోలు ట్యాంకు విడిగా ఉండేది.

మా వాడు మరో చిత్రం చెప్పాడు. అక్కడ చాలా కార్ల ముక్కులోంచి కరెంటు ప్లగ్గు వేలాడుతూ ఉంటుంది. కొత్తల్లో పెట్రోలు కారుకు కూడా ఛార్జింగా అనుకున్నాడట. అది రాత్రంతా ఇంజనును వెచ్చగా ఉంచే హీటరు. నాకైతే పొద్దున్నే మంచు గీకే పని కంటే, ఇంజనుకు కుంపటి పెట్టి పడుకోవడమే నయమనిపించింది.

టైర్ల సంగతి టూకీగా. ప్రతి 10 డిగ్రీల చలికి గాలి ఒకటిన్నర పీఎస్ఐ పైగా తగ్గుతుంది, రబ్బరు కూడా బిరుసెక్కి దొర్లడానికి మొరాయిస్తుంది. నెల్లూరులో ఇది పట్టించుకునేంత కాదు. ఎందుకంటే పక్కన సముద్రం ఉంది. నడి చలికాలంలో కూడా బంగాళాఖాతం నీళ్లు మన తీరంలో 25 డిగ్రీలకు పైనే ఉంటాయి. అంత పెద్ద వేణ్నీళ్ల గంగాళం పక్కన ఉన్న ఊరికి ఎముకలు కొరికే చలి ఎలా వస్తుంది?

మనకు దెబ్బ వేరేచోట. దర్గామిట్ట నుంచి ట్రంకురోడ్డుకు రెండు కిలోమీటర్లు పోయి, బండి ఆపి, గంటన్నర కొట్లలో తిరిగి, మళ్లీ స్టార్టు చేసి ఇంటికొచ్చే కారు రెండు ప్రయాణాల్లోనూ ఒదిగే వేళకే ఆగిపోతుంది. దాని బతుకంతా చలికాలమే. కంపెనీ చెప్పిన మైలేజీ రావడం లేదని దాని యజమాని బంకువాడి మీద అనుమానపడతాడు. ప్రయోగశాలలో ఆ అంకె తీసేది 20-30 డిగ్రీల మధ్య, ఏసీ లేకుండా, పక్కనుంచి ఆటో దూరకుండా. మే నెలలో ఏసీ పూర్తిగా పెట్టి చిన్న చిన్న ప్రయాణాలు చేస్తే పాతిక శాతానికి పైగా మైలేజీ పోవచ్చన్నది కూడా ఆ అమెరికా లెక్కే.

కరెంటు కార్లకు ఈ లెక్క ఇంకోలా ఉంటుంది. పెట్రోలు ఇంజను ఎటూ పారబోసే వేడితోనే కారు లోపల వెచ్చబరుస్తుంది. కరెంటు కారులో పారబోసే వేడి తక్కువ కాబట్టి హీటరుకు బ్యాటరీలోంచే తీయాలి. అమెరికా వాహనదారుల సంఘం 2019లో పరీక్షిస్తే, హీటరుతో మైనస్ 7లో బండి వెళ్లగలిగే దూరం 41 శాతం తగ్గింది. 35 డిగ్రీల ఎండలో ఏసీతో తగ్గింది 17 శాతమే. ఆ బండ్లకు మినియాపొలిస్ కంటే మన తీరమే మెరుగన్నమాట.

కనుమ మర్నాడు మేనల్లుడూ నేనూ మైపాడు బీచికి బయల్దేరాం. ఇంటి ముందే మైలేజీ మీటరును సున్నాకు తిప్పాడు. మొదటి కిలోమీటరు దాటేసరికి 8 చూపించింది. ఊరు దాటాక 12, బీచి దగ్గర పడేసరికి 16. "చూశావా మామా, ఇంజను వేడెక్కింది" అన్నాడు. తిరుగు ప్రయాణంలో, బండి చల్లారకముందే బయల్దేరితే, 20 పైకి పోయింది. అప్పుడు నా వంతు వచ్చింది. పోయేటప్పుడు ఈశాన్యపు గాలి ఎదురు, వచ్చేటప్పుడు వెన్నంటి. గంటకు 60లో పోయే బండికి 20 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే గాలి అడ్డు దాదాపు 80 శాతం పెరుగుతుంది. నీ మంచు దేశపు చిక్కటి గాలి పెంచేది 12 శాతమే కదా అన్నాను. వాడు ఫోన్‌లో లెక్క వేసుకుంటూ కూర్చున్నాడు. ఇల్లు వచ్చేదాకా ఏసీ వేయనివ్వలేదు.