సంఘపు సర్వరు: డిస్కునకు నకలు తీయుట, పొడిగించుట



నారుమళ్లు పోసి కాలువనీటికై ఎదురుచూచు దినములలో సంఘమున పంటఋణము పుట్టనిచో రైతు వడ్డీవ్యాపారి గడప త్రొక్కవలసివచ్చును. కావున మన లెక్కలు తెరచు యంత్రమును గూర్చి తెలిసికొనుట గుమాస్తా పనియే యని మనము ఊరకుండరాదు.

2022లో భారత ప్రభుత్వము 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములలో కంప్యూటరు లెక్కలు నెలకొల్పుటకై 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది. 2024 సెప్టెంబరులో ప్రకాశము బ్యారేజికి 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద వచ్చినది. ఆ దినములలోనే బుడమేరు పొంగి విజయవాడలో సింగునగరు మొదలగు పేటలు నీట మునిగినవి. వరదకు కాగితపు పుస్తకమైనను, యంత్రములోని డిస్కైనను ఒక్కటే. నకలు వేరుచోట నున్నవాడే బ్రదికినవాడు.

డొమైన్ కంట్రోలరు అననేమి?

ఒకటి రెండు కంప్యూటరులు గల చిన్న సంఘమునకు దీని యక్కర లేదు. అనేక యంత్రములు ఒక్క వలయముగా నడచు పెద్ద సంఘములలోను బ్యాంకులలోను ఈ పేరు గల సర్వరు ఉండును. మైక్రోసాఫ్టు వారు 2000 సంవత్సరమున వెలువరించిన యాక్టివ్ డైరెక్టరీ యను పట్టిక ఇందు నిలుచును. లోనికి రాదగినవారెవరు, ఎవరికే అధికారము కలదు, మన యంత్రములేవి అనునవి అందు వ్రాయబడియుండును. ఈ సర్వరు లేవనిచో గుమాస్తా తన బల్లయొద్ద కూర్చుండియు వలయమందలి ఖాతాలను తెరువజాలడు.

నకలులోని చిక్కు

డిస్కునంతటిని ఉన్నదున్నట్లు ఎత్తి యుంచుటను ఇమేజి తీయుట యందురు. మామూలు యంత్రమునకు ఇది మంచి పద్ధతియే. రెండు కంట్రోలరులున్న చోట మాత్రము ఇందొక గోతి కలదు.

రెండు గ్రామములలో ఒకే సంఘపు పుస్తకములు రెండున్నవనుకొనుడు. ప్రతి పద్దునకు వరుస సంఖ్య వేసి, సాయంకాలమున ఒకరి క్రొత్త పద్దులు మరియొకరు దింపుకొందురు. మొదటి గ్రామమున 500వ పద్దు వరకు వ్రాసి రెండవ గ్రామమునకు అందజేసిరి. తరువాత మొదటి పుస్తకము చెడగా, 400వ పద్దు నాటి పాత నకలును తెచ్చి దానిపై 401వ సంఖ్యతో క్రొత్త సంగతి వ్రాసిరి. రెండవ గ్రామమువారు “500 వరకు మాకు ముట్టినది” అని దానిని దింపుకొనరు. రెండు పుస్తకములును వేరు దారులు పట్టును.

సర్వరులలో దీనిని యు.ఎస్.ఎన్. రోల్‌బ్యాక్ అందురు. విండోసు సర్వరు 2003 మొదటి సర్వీసు ప్యాకు మొదలు యంత్రమే దీనిని కనిపెట్టినపుడు 2095 సంఖ్య గల హెచ్చరిక వ్రాసి ఇచ్చిపుచ్చుకొనుటను ఆపివేయును. కాని అన్ని వేళల కనిపెట్టునను నమ్మకము లేదు.

కావున ఇమేజి నొక్కదానినే నమ్మక, విండోసు సర్వరు బ్యాకప్ చేత “సిస్టమ్ స్టేట్” నకలును తీయవలయును. దానిని తిరిగి ఎక్కించినపుడు సర్వరు క్రొత్త గుర్తును ధరించును. తోడి సర్వరు ఆ గుర్తును గమనించి, లోపించిన పద్దులను అందజేయును. విండోసు సర్వరు 2012 నుండి కల్పిత యంత్రములకు ఒక రక్షణ కలదు గాని, ఆతిథ్యమిచ్చు యంత్రమును దానికి తగినదై యుండవలయును.

నకలునకు వయస్సు కూడ కలదు. నేటి అలవాటు ప్రకారము 180 దినములు దాటిన నకలును ఎక్కించరాదు. ఎక్కించినచో పనినుండి తొలగించిన వాని పేరు మరల పట్టికలో మొలవవచ్చును.

డిస్కును పొడిగించుట

ఇది గట్టు జరుపుట వంటిది. మన మడిని పెంచవలెనన్న దాని ప్రక్కనే బీడు ఉండవలయును. నడుమ వేరొక చిన్న మడి యున్నచో గట్టు జరుగదు. డిస్కుమీదను అంతియే. సీ భాగమునకు వెంటనే కుడిప్రక్క ఖాళీ యున్ననే విండోసు దానిని పొడిగించును. పలు సర్వరులలో ఆ నడుమ రికవరీ భాగము అడ్డముగా నుండును. దానిని జరుపు పరికరములు దొరకును గాని, జరుపుచుండగా కరెంటు పోయినచో రెండు మడులును పాడగును. ఎం.బి.ఆర్. పద్ధతి డిస్కు 2 టెరాబైట్లకు మించి పనికిరాదనియు ఎరుగవలయును.

పనికి దిగువారు ఈ వరుసను తప్పరాదు.

1. డి.సి.డయాగ్, రెప్‌అడ్మిన్ అను పరీక్షలు చేసి, సర్వరులు పరస్పరము సరిగా ఇచ్చిపుచ్చుకొనుచున్నవో లేదో చూడవలయును. జబ్బు యంత్రముపై శస్త్రము వేయరాదు.
2. సిస్టమ్ స్టేట్ నకలు తీసి, వేరు భవనమున భద్రపరచవలయును. మరమ్మతు ప్రవేశపు రహస్యపదము తెలిసియున్నదా యని చూచుకొనవలయును.
3. డిస్కునకు బిట్‌లాకరు తాళమున్నచో దాని తాళపుచెవి సంఖ్యను వ్రాసికొని, తాళమును తాత్కాలికముగా నిలుపవలయును.
4. కచ్చేరీ వేళ ముగిసినపిదప, యు.పి.ఎస్. పెట్టి పని చేయవలయును.
5. పని ముగియగానే మొదటి పరీక్షలను మరల చేయవలయును.

మేలైన మార్గము

రెండు కంట్రోలరులున్న చోట గట్టుతో పోరాడనే యక్కరలేదు. పెద్ద డిస్కు గల క్రొత్త సర్వరును వలయమున చేర్చినచో అది తోడివాని నుండి పట్టికను తానే దింపుకొనును. పాతదాని బాధ్యతలను క్రొత్తదానికి అప్పగించి, పరీక్షించి, తరువాత పాతదానిని పద్ధతి ప్రకారము తొలగించవచ్చును. ఒక్కటే యున్నచో రెండవదానికి ఖర్చు పెట్టుట దండుగ కాదు. విత్తనములన్నిటిని ఒకే గాదెలో పోయు రైతు మనలో లేడుగదా.

రాబోవు మహాజనసభలో పాలకవర్గమువారిని మూడు ప్రశ్నలడుగుడు. చివరి నకలు ఎన్నడు తీసిరి? అది ఎక్కడ నున్నది? దానిని తిరిగి ఎక్కించి యెన్నడైన పరీక్షించిరా? ఎక్కించి చూడని నకలు, మొలక చూడని విత్తనము వంటిది. జవాబు సరిగా రాని సంఘమున ఆ పని తొలకరికి ముందే జరుగవలయును.