మూడంచెల పాత రాకెట్‌ను మళ్ళీ కట్టాలంటే

దీపావళి తారాజువ్వకు మంట ఒకటే, పుల్ల ఒకటే, ఎగరడం ఒక్కసారే. మోడల్ రాకెట్ అనేది పూర్తిగా వేరు. అట్ట గొట్టాలు, బాల్సా చెక్క రెక్కలతో ఇంట్లో కట్టి, ఫ్యాక్టరీలో తయారైన చిన్న మోటారు పెట్టి ఎగరేసి, పారాచ్యూట్‌తో దింపుకొని, కొత్త మోటారుతో మళ్ళీ ఎగరేస్తారు. అమెరికాలో ఇది అరవై ఏళ్ళు దాటిన సరదా. మన ఇళ్ళలో చాలామందికి అక్కడ కొడుకులో కూతుళ్ళో మనవలో ఉన్నారు. వాళ్ళు వీడియోలో చూపిస్తారు, ఇక్కడి పిల్లలు మేమూ చేస్తామంటారు. అప్పుడు దేనికి సరేననాలో, దేనికి వద్దనాలో పెద్దవాళ్ళకు తెలిసుండాలి. అందుకే ఈ ఆటలో అన్నిటికన్నా కష్టమైనదాన్ని, అంటే అంచెల రాకెట్‌ను, అందులోనూ పాత నమూనాను చూసి మళ్ళీ కట్టే పనిని తీసుకుని చెబుతున్నాం.

ముందు ఇది ఎలా పుట్టిందో రెండు మాటలు. నెబ్రాస్కా రాష్ట్రంలోని నార్ఫోక్‌లో చెప్పుల దుకాణం నడిపే ఆర్విల్ కార్లైల్‌కు బాణసంచా చేయడమంటే ఇష్టం. విమానాల నమూనాలు ఎగరేసే సోదరుడు రాబర్ట్ కోసం 1954లో ఆయన ఒక చిన్న కాగితపు రాకెట్, దానికి మార్చుకోగలిగే మోటారు తయారు చేశాడు. వైట్ శాండ్స్ క్షిపణి కేంద్రంలో పనిచేసిన హ్యారీ స్టైన్, కుర్రాళ్ళు ఇళ్ళలో సొంతంగా రాకెట్లు చేసుకోబోయి గాయపడుతున్నారని 1957లో రాస్తే, అది చదివిన కార్లైల్ తన నమూనాలను ఆయనకు పంపించాడు. అదే ఏడాది స్పుత్నిక్ ఎగరడంతో పిల్లలకు రాకెట్ పిచ్చి పట్టింది. మోటార్ల గిరాకీని తట్టుకోవడానికి కొలరాడోలో వెర్న్ ఎస్టెస్ వాటిని వరసగా ఒత్తి తీసే యంత్రం కట్టాడు. దానికి మేబెల్ అని పేరు కూడా పెట్టాడు. ఇక్కడ గమనించాల్సింది ఒకటి: పిల్లల చేతుల్లోంచి మందు కూరే పనిని తీసేయడానికే ఈ ఆట పుట్టింది. కట్టడం పిల్లలది, మోటారు ఫ్యాక్టరీది. ఆ గీత చెరిగితే మిగిలేది మోడల్ రాకెట్ కాదు.

1960లలో ఎస్టెస్ కంపెనీ అమ్మిన ఆస్ట్రాన్ ఫార్‌సైడ్ అనే మూడంచెల రాకెట్ అప్పటి పిల్లలకు ఒక కల. అలాంటి కిట్లు ఇప్పుడు దొరికితే సేకరణదారుల దగ్గరే. విప్పని పెట్టెను విప్పడానికి వాళ్ళ మనసు ఒప్పదు. అందుకే పాత ప్లాన్ల నకళ్ళు చూసి, రెక్కల ఆకారం గీసుకుని, ఇప్పటికీ అవే కొలతల్లో దొరుకుతున్న గొట్టాలతో కొత్తగా కడతారు. స్టిక్కర్లు కూడా పాతవాటిని చూసి అచ్చు వేయించుకునేవాళ్ళున్నారు. ఇలా కట్టినదాన్ని ఆ వర్గంలో క్లోన్ అంటారు. పాత మోటార్లు దొరికినా వాడకూడదు. ఏళ్ళ తరబడి ఎండకూ చలికీ లోపలి మందు గొట్టం నుంచి విడివడుతుంది, అంటించగానే పేలే ప్రమాదం ఉంది.

అసలు అంచెలెందుకు? మండిపోయిన గొట్టాన్ని మోసుకుపోవడం దండగ కాబట్టి. ఖాళీ అయినదాన్ని వదిలేస్తే మిగిలినది తేలికై ఇంకా పైకి పోతుంది. శ్రీహరికోట నుంచి లేచి చెన్నై మేడల మీద నుంచి కనిపించే పీఎస్ఎల్వీ నాలుగు అంచెలదీ ఇదే లెక్క. చేతిలో పట్టే రాకెట్‌లో మాత్రం కంప్యూటరు లేదు, టైమర్ లేదు. మరి రెండో అంచెకు నిప్పు ఎలా అందుతుంది?

మామూలు మోటారు బొటనవేలంత లావు, 70 మిల్లీమీటర్ల పొడవున్న అట్ట గొట్టం. అడుగున మట్టితో చేసిన నాజిల్, దాని పైన గట్టిగా ఒత్తిన తుపాకి మందు, ఆ పైన నెమ్మదిగా పొగ వదిలే ఆలస్యపు మందు, చివర పారాచ్యూట్‌ను బయటకు తన్నే చిటికెడు మందు, మట్టి మూత. దాని మీది అక్షరం మొత్తం శక్తిని, తర్వాతి అంకె సగటు తోపుడును న్యూటన్లలో, గీత తర్వాతి అంకె ఆలస్యాన్ని సెకన్లలో చెబుతాయి. బి6-4 అంటే నాలుగు సెకన్ల ఆలస్యం. బి6-0 అంటే ఆలస్యమూ లేదు, తన్నే మందూ లేదు, మూతా లేదు. కింది అంచెల్లో ఈ సున్నా మోటార్లే పెట్టాలి.

సున్నా మోటారులో మందు కింది నుంచి పైకి మండుతూ, ఒక సెకను లోపే చివరి పలుచని పొర మిగులుతుంది. లోపలి ఒత్తిడికి ఆ పొర పగిలి, మండుతున్న రవ్వలు పైకి చిమ్మి, నేరుగా పై మోటారు నాజిల్‌లో పడతాయి. అది అంటుకుని, దాని మంట కింది అంచెను వెనక్కి నెట్టేస్తుంది. జరిగేదంతా ఇంతే. అయితే ఆ వేడి గాలి పై మోటారును వెలిగించేలోగా రెండు అంచెలనూ విడదీస్తే పై అంచె అంటుకోదు. అందుకే రెండు మోటార్లనూ మూతికి మూతి ఆనించి, కలిసిన చోట ఒక్క చుట్టు సెలోటేపు వేస్తారు. నిప్పు అందేదాకా పట్టి ఉంచేది, అందగానే తెగిపోయేది ఆ చుట్టే. లక్షల రూపాయల పరికరం చేయాల్సిన పనిని సెలోటేపు చేస్తోందంటే మాకు ముచ్చటగానే ఉంటుంది, కానీ ఈ ఆటలో అశ్రద్ధకు చోటు లేనిది కూడా అక్కడే. పై అంచె అంటుకోకపోతే దాని పారాచ్యూట్ విప్పే మందు కూడా పేలదు. ముక్కు కిందికి పెట్టి బాణంలా దిగుతుంది.

పాత ప్లాన్ చదివేటప్పుడు ఒక చుక్కను జాగ్రత్తగా చూడాలి. 1960లలో తోపుడును పౌండ్లలో రాసేవారు. బి.8-0 అని ఉంటే 0.8 పౌండు, అంటే సుమారు మూడున్నర న్యూటన్లు. ఆ చుక్కను వదిలేసి ఎనిమిది న్యూటన్లని చదివితే లెక్క తారుమారవుతుంది.

క్లోన్లు చెడేది ఎక్కువగా అందం దగ్గర. రాకెట్ నిలకడగా పోవాలంటే దాని బరువు కేంద్రం, గాలి ఒత్తిడి కేంద్రానికి కనీసం గొట్టం వెడల్పంత ముందు ఉండాలి. మూడంచెల్లో మూడు మోటార్లు ఒకదాని వెనక ఒకటి చేరి బరువునంతా తోక వైపు లాగుతాయి. ఒక్కొక్కటి సుమారు 15 నుంచి 20 గ్రాములు. మూడూ కలిస్తే ఖాళీ రాకెట్ బరువుతో పోటీపడతాయి. అందుకే పాత నమూనాలో కింది అంచె రెక్కలు అంత పెద్దవి. అవి గాలి ఒత్తిడి కేంద్రాన్ని వెనక్కి జరుపుతాయి. ఇప్పుడు కట్టేవారు గట్టిదనం కోసం బాల్సా బదులు ప్లైవుడ్ పెట్టి, జిగురు దట్టంగా పూసి, రంగు నాలుగు పూతలు వేస్తే ఆ బరువంతా చేరేది తోకకే. చూడటానికి అచ్చం పాతదే, ఎగిరితే గిరగిరా తిరుగుతుంది. ప్లాన్‌లో కొలతలతో పాటు బరువు ఉంటే, ఆ బరువును కూడా నకలు చేయాలని మా అభిప్రాయం. రెక్కలో చెక్క పోగులు ముందంచు వెంబడి ఉండేలా కోయాలి, ఎమరీ కాగితంతో నునుపు చేయాలి, తెల్ల జిగురు పలుచగా రెండుసార్లు వేయాలి. అంతకు మించి అక్కర్లేదు.

పరీక్ష సులువు. మోటార్లన్నీ పెట్టి, రాకెట్ సమంగా నిలిచే చోట దారం కట్టి, తల చుట్టూ తిప్పాలి. ముక్కు ముందుకే ఉండి తిరిగితే సరే. పక్కకో వెనక్కో తిరిగితే ముక్కులో కొంచెం మట్టి ముద్ద పెట్టాలి. ఇది మూడు అంచెలతో ఒకసారి, రెండింటితో ఒకసారి, పై అంచెతో ఒకసారి చేయాలి, ఎందుకంటే గాలిలో అది మూడు వేర్వేరు రాకెట్లు.

ఎగరేసేటప్పుడు కూడా అదే వరస. మొదట పై అంచెను ఒంటరిగా, తర్వాత రెండు, ఆ తర్వాతే మూడు. అమెరికాలో ఈ ఆటకున్న జాతీయ సంఘం నియమాల ప్రకారం విద్యుత్ స్విచ్‌తోనే వెలిగించాలి, ఈ పరిమాణానికి కనీసం 15 అడుగుల దూరంలో నిలబడాలి, అంటుకోకపోతే ఒక నిమిషం దాకా దగ్గరికి పోకూడదు. మూడు బి మోటార్లు కలిస్తే డి తరగతి శక్తి అవుతుంది కాబట్టి మైదానం 500 అడుగులైనా ఉండాలి. గాలి గంటకు 20 మైళ్ళు దాటకూడదనేది నియమం. మూడంచెలకు అది కూడా ఎక్కువేనంటాం. గాలి రాకెట్‌ను తోసుకుపోతుందని అనుకుంటారు, కానీ నిలకడైన రాకెట్ గాలికోడిలా గాలికి ఎదురు తిరుగుతుంది. మొదటి అంచెలో కాస్త వంగితే, రెండోది ఆ వంపులోనే తోస్తుంది, మూడోది దాదాపు అడ్డంగా పోవచ్చు. తెల్లవారగానే, ఆకు కదలనప్పుడే ఎగరేయడం మేలు.

విడిపోయిన కింది అంచెలకు పారాచ్యూట్ ఉండదు. పొట్టిగా, తోక బరువుగా ఉంటాయి కనుక పల్టీలు కొడుతూ మెల్లగా పడతాయి. ఒక్కో అంచెను చూడటానికి ఒక్కో మనిషిని పెట్టుకోవాలి. అందరూ పైకి చూస్తుంటే మొదటి రెండూ గడ్డిలో పోతాయి. మెరిసే ఎరుపు రంగు అందుకే.

ఇక ఇక్కడి మాట. దీపావళి టపాకాయలు విప్పి ఆ మందును గొట్టంలో కూరడం, సూరేకారం, గంధకం, బొగ్గు కలిపి ఇంట్లో నూరడం, వీటికి పిల్లలను ఎట్టి పరిస్థితిలోనూ పోనివ్వకండి. లైసెన్సు లేకుండా పేలుడు మందు తయారు చేయడం 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కింద నేరం. అంతకన్నా ముందు చేతులు పోతాయి. కార్లైల్, స్టైన్ ఆపాలనుకున్నది సరిగ్గా దీన్నే. సెలవులకు వచ్చే మనవడు అక్కడి మోటార్లను సూట్‌కేసులో తేవడం కూడా కుదరదు. చేతి సామానులో గానీ, లగేజీలో గానీ విమానంలో వాటికి అనుమతి లేదు. ఖాళీ రాకెట్ మాత్రం తెచ్చుకోవచ్చు, దారం కట్టి తిప్పే పరీక్ష ఇక్కడే చేసి చూపించవచ్చు. ఎగిరేదే కావాలంటే కూల్ డ్రింక్ సీసాలో మూడోవంతు నీళ్ళు పోసి, సైకిల్ పంపుతో గాలి కొట్టి, దూరం నుంచి తాడు లాగి వదిలే నీటి రాకెట్ ఉంది. రెక్కలు, ముక్కు బరువు, గాలికి ఎదురు తిరగడం, అన్నీ అందులోనూ అలాగే పనిచేస్తాయి. దాన్ని వదిలేటప్పుడు కూడా సీసా మీదికి ఎవరూ వంగకుండా చూడండి.