ఎం.బి.ఏ.కు ముందు ఏ డిగ్రీ?

జలంత్రకోట మొదలుకొని టెక్కలి వరకు, ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడినంతనే పెక్కిండ్లలో వినవచ్చు ప్రశ్న యొకటి కలదు: "మావాడు ఎం.బి.ఏ. చేసెదననుచున్నాడు, డిగ్రీలో ఏ గ్రూపు ఇప్పించమందురు?" బి.బి.ఏ. చదివినవానికే ఆ విద్య అబ్బునని కొందరును, ఇంజనీరింగు లేనిదే పెద్దసంస్థలలో చోటు దుర్లభమని మరికొందరును సలహా చెప్పుచుందురు. నియమములను పరికించినచో ఈ రెండు మాటలును నిలువవు.

2015లో విశాఖపట్టణమున వెలసిన ఐ.ఐ.ఎం. మొదలగు సంస్థలకు మార్గమైన క్యాట్‌కు గాని, రాష్ట్రములోని కళాశాలలకు ద్వారమైన ఐసెట్‌కు గాని ఫలానా శాస్త్రమే చదివియుండవలెనను నిర్బంధము లేదు. దాదాపు ఏ డిగ్రీయైనను చాలును. క్యాట్‌కు డిగ్రీలో నూటికి 50 మార్కులు, షెడ్యూల్డు కులములకును తెగలకును దివ్యాంగులకును 45 ఉండవలెను. ఆ పరీక్ష శోధించునది భాషాజ్ఞానమును, దత్తాంశములనుండి తర్కించు నేర్పును, గణితమును. ఆ గణితమునందును పెద్దపాలు ఉన్నతపాఠశాలలో నేర్చినదే. కొన్ని ఐ.ఐ.ఎం.లు ఇంజనీరింగేతరులకు ఎంపికలో కొంత మొగ్గును సైతము చూపుచున్నవి.

ఈ వైవిధ్యాపేక్షకు కారణము పలాస జీడిపరిశ్రమయందే కనబడును. 80 కిలోల పిక్కల బస్తా కాల్చి, కొట్టి, పొట్టు తీసినపిదప చేతికి వచ్చు పప్పు ఇంచుమించు నాలుగవపాలు మాత్రమే. అందును గుండునకొక ధర, బద్దకొకటి, ముక్కకు వేరొకటి. వేసవిలో పిక్కలు కొని ఏడాది పొడవునా నిలువయుంచిన పెట్టుబడికి వడ్డీ యెంతయో బి.కాం. విద్యార్థి లెక్కించును. 2018 అక్టోబరునాటి తిత్లీ తుపానున కూలిన ఉద్దానపు జీడితోట మరల కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టునని వ్యవసాయశాస్త్రము చదివినవాడు ఎరుగును. ఆఫ్రికానుండి వచ్చు పిక్కల ధర యిక్కడి రైతు నెట్లు తాకునో అర్థశాస్త్రవిద్యార్థి విచారించును. ఏ యొక్కరికిని వ్యాపారము సమగ్రముగా గోచరింపదు. అందుచేతనే వారిని ఒకే తరగతిలో కూర్చుండబెట్టుదురు.

కావున మనసు లగ్నమై, మంచి మార్కులు తెచ్చుకొనగల శాస్త్రమునే ఎన్నుకొనవలెను. బి.ఏ. చదువువాడు లెక్కలను, బి.టెక్. చదువువాడు ఆంగ్లపఠనమును విడువరాదు. సెలవులలో ఏ జీడిబట్టీలోనో, దుకాణములోనో ఖాతాలు వ్రాయుట మరింత మేలు. తుదకు తల్లిదండ్రులు అడుగవలసిన ప్రశ్న యిది: ఎం.బి.ఏ. సీటు రాకున్నను ఈ డిగ్రీ పిల్లవానికి ఒక వృత్తిని చూపగలదా? చూపగలదన్న డిగ్రీయే సరియైన డిగ్రీ.