మాట తెలియకున్నా మనసు దోచిన మంగోలు పాట

మహబూబ్‌నగర్: సాయంత్రం ఆరు గంటలు. సన్నగా వాన. జిల్లా కేంద్రంలోని ఒక మోటారు సైకిళ్ల మరమ్మతు షాపు. క్లచ్ వైరు తెగిన బండిని తోసుకుంటూ అక్కడికి చేరిన ఈ విలేకరిని ముందుగా పలకరించింది మెకానిక్ కాదు, ఒక పాట!

అది మామూలు పాట కాదు. పాడుతున్నది మనిషా, కొండ గుహా అనిపించే గొంతు. వెనుక డప్పుల దరువు. దాని మీద తెరలు తెరలుగా సాగే ఏదో తీగ వాద్యం. గోడకు ఆనించి పెట్టిన సెల్‌ఫోనులో జడలు అల్లుకున్న నలుగురు యువకులు తోలు దుస్తులతో నిలబడి పాడుతున్నారు. చేతిలోని వాద్యానికి కొసన చెక్కిన గుర్రం తల.

"లొల్లి అనుకుంటున్నరా సార్? ఒక్క నిమిషం ఇనుండ్రి. బండి గంతల చేసిస్త" అన్నాడు మెకానిక్. వయసు పాతికకు అటూ ఇటూ. డిగ్రీ మధ్యలో మాని ఈ పనిలో చేరాడు. అంతవరకు అతనికి తెలిసిన సంగీతమల్లా సినిమా పాటలు, పెళ్లి బరాతుల్లో వినిపించే పాటలు. రాక్ సంగీతమంటే తెల్లవాళ్ల అరుపులు, గిటార్ల మోత అన్నదే అతని అభిప్రాయం. ఆ అభిప్రాయాన్ని ఒక రాత్రి వేళ ఒక వీడియో మార్చేసింది.

బండ్లతో మొదలైన స్నేహం

పాటల కోసం వెతికి కాదు, బండ్ల కోసం వెతుకుతూ ఆ వీడియోను చూశాడు. అంతులేని మైదానంలో బారులు తీరిన మోటారు సైకిళ్లు, వాటి మీద రౌతుల్లా కూర్చున్న మనుషులు. బండ్లు చూద్దామని ఆగాడు. పాట అయిపోయేసరికి బండ్ల సంగతి మరిచిపోయాడు. "ఒక్క మాట అర్థం గాలే. గాని ఇడువబుద్ధి గాలే సార్. ఆ రాత్రి ఏడెనిమిది సార్లు పెట్టుకొని ఇన్న" అంటాడు.

ఆ పాట 'ఉల్ఫ్ టోటెమ్'. పాడినవారు 'ది హు' బృందం. ఊరు మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్. 2016లో ఏర్పడిన ఈ బృందం పేరు రెండేళ్లపాటు బయటి ప్రపంచానికి తెలియదు. 2018 సెప్టెంబరులో 'యువె యువె యు' అనే పాట వీడియోను, నవంబరులో 'ఉల్ఫ్ టోటెమ్' వీడియోను యూట్యూబులో పెట్టారు. అంతే! నెలల్లో కోట్ల మంది చూశారు. మొదటి పాటను చూసినవారి లెక్క 10 కోట్లు దాటింది. 2019లో రెండో పాట అమెరికాలో హార్డ్ రాక్ పాటల డిజిటల్ అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. మంగోలు భాషలో పాడిన పాటకు ఆ గౌరవం దక్కడం విశేషం.

ఇంతకూ ఆ దేశం ఎంత? విస్తీర్ణంలో మన దేశంలో దాదాపు సగం. జనాభా మాత్రం సుమారు 35 లక్షలే. 2011 లెక్కల ప్రకారం పాత మహబూబ్‌నగర్ జిల్లా ఒక్కదాని జనాభాయే 40 లక్షలు! తెన్నేటి సూరి 'చెంఘిజ్ ఖాన్' నవల చదివిన తెలుగువారికి ఆ గడ్డి మైదానాలు, గుర్రాలు, గుడారాలు పూర్తిగా కొత్త కావు. కొత్తది ఈ పాటే.

గుర్రపు వెంట్రుకలే తీగలు

ఈ బృందం బలమంతా వాద్యాల్లో ఉంది. అందులో ముఖ్యమైనది 'మోరిన్ ఖూర్'. రెండే తీగలు. సంప్రదాయంగా ఆ తీగలు లోహంతో చేసినవి కావు, గుర్రపు తోక వెంట్రుకలతో కూర్చినవి. కమాను కూడా గుర్రపు వెంట్రుకలదే. కొసన గుర్రం తల చెక్కుతారు. సంచార జాతి మనిషికి గుర్రంతో ఉన్న అనుబంధమే ఆ వాద్యమైంది. దీన్ని యునెస్కో 2008లో మానవజాతి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

మరొకటి 'తుమూర్ ఖూర్'. పళ్ల మధ్య పెట్టుకుని వేలితో మీటే చిన్న ఇనుప వాద్యం. మన కచేరీల్లో మృదంగం పక్కన వినిపించే మోర్సింగుకు తోబుట్టువు. తీగలు మీటి వాయించే 'తోవ్‌షూర్', నిలువుగా పట్టి ఊదే 'త్సూర్' కూడా ఉన్నాయి.

ఇక ఆ గొంతు! ఒకే మనిషి ఒకే సమయంలో రెండు స్వరాలు పలికించే విద్య అది. పేరు 'ఖూమీ'. కింద తంబురా శ్రుతిలా ఒక స్వరం నిలకడగా మోగుతూంటే, పైన ఈలలాంటి మరో స్వరం సాగుతుంది. నాలుక, పెదవులు, గొంతు కండరాలను అదుపులో పెట్టి సాధించాల్సిన విద్య. ఏళ్ల సాధన లేనిదే పట్టుబడదు. బృందంలోని వారు వీధిలో పోతూ గిటారు పట్టినవారు కారు. సంప్రదాయ సంగీతాన్ని శాస్త్రీయంగా నేర్చుకున్నవారు. ఆ విద్యకు రాక్ సంగీతపు డ్రమ్ములను, గిటార్లను తోడు చేశారు. దీనికి వారు పెట్టుకున్న పేరు 'హున్ను రాక్'. 'హు' అంటే మంగోలు భాషలో మనిషి అని అర్థం.

పొగడ్త కాదు, చీవాట్లు

నెల తర్వాత మన మెకానిక్ 'యువె యువె యు' పాట అర్థం తెలుసుకున్నాడు. షాపుకు వచ్చే ఒక కాలేజీ విద్యార్థి ఇంగ్లీషు అనువాదం చదివి చెప్పాడట. అది విన్నాక అతని ఆలోచన మరోదారి పట్టింది.

వీరావేశంతో పాడుతున్నారు గనుక తాతలను పొగుడుతున్నారని అనుకున్నాడు. తీరా చూస్తే అది చీవాట్ల పాట! గొప్పవాళ్ల కడుపున పుట్టామని చెప్పుకుంటూ మొద్దునిద్ర పోతున్నారెందుకని, మంగోలులమని గొప్పలు చెప్పడం తప్ప చేసిందేమిటని తమవారినే నిలదీసే పాట. వీడియో కూడా అలాగే మొదలవుతుంది. నాలుగు గోడల మధ్య కాలక్షేపం చేసే కుర్రాళ్లు ఆ తర్వాత కొండల్లో, ఎడారిలో, ఆకాశం కింద వాద్యాలు పట్టుకుని నిలబడతారు.

ఈ నిలదీతకు వెనుక ఒక చరిత్ర ఉంది. మంగోలియా దాదాపు 70 ఏళ్లు సోవియట్ నీడలో ఉంది. ఆ కాలంలో చెంఘిజ్ ఖాన్‌ను పొగడడమే నేరంగా చూశారు. సంప్రదాయ లిపి స్థానంలో రష్యన్ అక్షరాలు వచ్చాయి. 1990లో ప్రజాస్వామ్యం వచ్చాక జనం పాత జ్ఞాపకాలను మళ్లీ వెతుక్కోసాగారు. అయితే పటాలు గోడకు తగిలించుకోవడం తేలిక, వాద్యం నేర్చుకోవడం కష్టం. ఈ యువకులు కష్టమైన దారి పట్టారు.

ఫలితం దక్కింది. 2019లో 'ది గెరెగ్' అనే తొలి ఆల్బమ్ వచ్చింది. గెరెగ్ అంటే మంగోలు సామ్రాజ్యంలో ప్రయాణికులకు దారి విడిపించిన రాజముద్రిక. ఆ పేరు ఊరికే పోలేదు. యూరపు, అమెరికా వేదికలు వారికి దారి ఇచ్చాయి. అదే ఏడాది మంగోలియా ప్రభుత్వం 'చెంఘిజ్ ఖాన్' పురస్కారంతో సత్కరించింది. 2022లో యునెస్కో 'శాంతి కళాకారులు'గా ప్రకటించింది.

మరి మన కిన్నెర?

క్లచ్ వైరు బిగించడం అయింది. వాన మాత్రం తగ్గలేదు. బండి కోసం ఎదురు చూస్తున్న ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు అంతవరకు మౌనంగా విన్నారు. చివరకు ఆయన ఒకే ప్రశ్న వేశారు. "వాళ్ల గుర్రం తల వాద్యం సరే బాబూ. మన పాలమూరు కిన్నెరను ఎప్పుడైనా చూసినవా?"

మెకానిక్ చేతిలోని పానా ఆగింది.

చూశాడు. చిన్నతనంలో వాళ్ల ఊరికి ఏటా ఒక కిన్నెరాయన వచ్చేవాడు. వెదురు బొంగు, సొరబుర్రలు, నెమలీకలు. పండుగల సాయన్న కథ చెప్పేవాడు. పెద్దలు అరుగుల మీద కూర్చుని వినేవారు. "నేను టీవీ ముంగటి నుంచి లేసేటోణ్ని కాదు సార్. అమ్మ చాటల బియ్యం ఇచ్చి ఏసిరమ్మంటే ఏసి ఉరికొచ్చేటోణ్ని" అన్నాడు తల దించుకుని.

పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య పేరు కూడా చాలామంది యువకులకు 2021లో 'భీమ్లా నాయక్' సినిమా పాట వీడియో వచ్చాకే తెలిసింది. ఆయన ఉమ్మడి పాలమూరు జిల్లా మనిషే. 2022లో పద్మశ్రీ వచ్చింది. పక్క మండలం మనిషిని చూడడానికి కూడా మనకు సెల్‌ఫోనే కావలసి వచ్చింది!

వీడియో తలుపు తీస్తుంది. తీసిన తలుపు వెనుక ఎవరో ఒకరు ఏళ్లుగా సాధన చేస్తూ ఉండాలి. మంగోలియాలో ఆ సాధన చేసినవారు ఉన్నారు గనుకే పది కోట్ల మంది చూశారు. తలుపు వెనుక గది ఖాళీగా ఉంటే చూడడానికి ఏముంటుంది?

"ఆ కిన్నెరాయన ఇంకా ఉన్నడా?" అని ఉపాధ్యాయుడు అడిగారు. తెలియదన్నాడు మెకానిక్. కాసేపాగి, ఆదివారం షాపు బందు పెట్టి ఊరికి పోయి అడిగి వస్తానన్నాడు. ఉంటే పాట ఫోనులో రికార్డు చేసుకుంటాడట. "ఈసారి టీవీ జోలికి పోను సార్, ఆయన ముంగట కూసుంట" అన్నాడు.

క్లచ్ వైరుకు, కూలికి కలిపి నూటయాభై రూపాయలు తీసుకున్నాడు. బండి కదులుతుంటే వెనుక మళ్లీ ఆ గొంతు వినిపించింది. ఈసారి అది అంత దూరదేశపు గొంతులా అనిపించలేదు.